నాలుగు స్ప్రింగుల కయోటీ ట్రాప్: గొర్రెల మంద ఉన్నవారికి ఒక సమీక్ష

టెక్సస్‌లో కొద్దిపాటి భూమిలో గొర్రెలనూ మేకలనూ పెంచేవారు కయోటీల (తోడేలుకు దగ్గరి జాతి అడవి జంతువుల) బెడద మొదలైన వెంటనే ఆరా తీసే వస్తువు కాలు పట్టే ట్రాప్, అంటే అడుగు పడగానే ఇనుప దవడలు మూసుకుని పాదాన్ని పట్టేసే ఉచ్చు. మా మంద కోసం నేను వాడుతున్నది 3వ నంబరు సైజుది. దీనికి నాలుగు స్ప్రింగులు ఉంటాయి, దవడలు పూర్తిగా మూసుకున్నా వాటి మధ్య పావు అంగుళం సందు మిగులుతుంది. ఈ రకాన్ని కొనమని చెప్పడానికి నాకు సంకోచం లేదు. అయితే ప్రతి ఉదయం తప్పకుండా వెళ్లి ట్రాపులను చూసుకోలేనివారు దీని జోలికి పోకూడదన్నది కూడా అంతే గట్టి అభిప్రాయం.

డబ్బు పెట్టే ముందు, చంపింది కయోటీయేనని తేల్చుకోవాలి. కయోటీ సాధారణంగా గొర్రెను దవడ కింద గొంతు దగ్గర పట్టి, ఊపిరాడకుండా చేసి చంపుతుంది. కుక్కలైతే వెనక కాళ్లనూ చెవులనూ పక్కలనూ ఎక్కడపడితే అక్కడ చీల్చి, చాలాసార్లు తినకుండానే వదిలేస్తాయి. పైకి ఏమీ కనిపించకపోతే గొంతు మీది చర్మాన్ని ఒలిచి చూడాలి. పళ్ల గాట్ల చుట్టూ నెత్తురు గడ్డకట్టి కండ కమిలి ఉంటే ప్రాణంతో ఉండగానే కరిచిందని అర్థం. కమిలిన గుర్తే లేకపోతే అప్పటికే చచ్చిన గొర్రెను తిని ఉంటుంది. ఈతల కాలంలో చలికి చచ్చిపోయిన గొర్రెపిల్లల నింద కూడా కయోటీల మీదే పడుతుంది కనుక ఈ పరీక్షను నేను ఎన్నడూ మానను.

ఇక ట్రాప్ విషయానికి వస్తే, దీని విలువంతా మధ్యలో ఉండే పాన్ అనే చిన్న పలకలోనే ఉంది. దాని పక్కనున్న బోల్టును బిగించి, సుమారు 4 పౌండ్ల బరువు పడితే తప్ప దవడలు మూసుకోకుండా సరిచేసుకోవచ్చు. పెద్ద కయోటీ 20 పౌండ్లకు తగ్గకుండా ఉంటుంది కనుక అది అడుగు వేయగానే పడుతుంది, కుందేలు గానీ చిన్న పక్షి గానీ తొక్కినా ట్రాప్ కదలదు. దవడల మధ్య మిగిలే సందు పాదం మీద ఒత్తిడిని తగ్గిస్తుంది. దవడ అంచుకు అదనంగా ఒక ఇనుప బద్దీని వెల్డింగ్ చేయించుకుంటే పట్టు వెడల్పై చర్మం కోసుకుపోదు. పట్టుబడిన జంతువు మన మందను తిన్నదే కావచ్చు, అయినా దాన్ని అవసరానికి మించి బాధపెట్టే హక్కు మనకు లేదని నమ్ముతాను. అందుకే ఈ రెండు ఏర్పాట్లూ లేని చౌక ట్రాపును ఎవరికీ సిఫారసు చేయను.

నేను కొన్న తయారీలో లోపాలు లేకపోలేదు. దవడల అంచులు గరుకుగా వచ్చాయి, ఆకురాయి పట్టించక తప్పలేదు. పాన్ బోల్టు కొద్ది రోజులకే వదులవుతోంది. అన్నిటికంటే పెద్ద లోపం గొలుసుది. గొలుసు మెలిపడకుండా గుండ్రంగా తిరిగే స్వివెల్ అనే కీలు ఒకే ఒక్కటి పెట్టారు, దానిలో మట్టి చేరితే తిరగడం ఆగిపోతుంది, అప్పుడు కయోటీ మెలికలు తిరిగినకొద్దీ ఆ బలమంతా కాలి మీద పడుతుంది. మరో రెండు స్వివెల్స్ వేయించాకనే వాడకంలోకి తెచ్చాను. ఇటువంటి ట్రాపులు ఒక్కొక్కటి 20 నుంచి 30 డాలర్లకు దొరుకుతాయి గానీ ఈ మార్పులకూ, భూమిలో దిగేసే గూటాలకూ అయ్యే ఖర్చును కూడా లెక్కలో వేసుకోవాలి.

పాతిపెట్టడంలోని మెలకువ ట్రాప్‌తో పాటు రాదు. నేల మీద ఏటవాలుగా చిన్న గుంత తవ్వి, దానిలో ఎర వేసి, దానికి అరడుగు ఎడంలో ట్రాపును దించుతాం. కింద మట్టిని ఎంత గట్టిగా కూరాలంటే, దవడ మీద ఏ మూల వేలితో నొక్కినా ట్రాప్ ఊగకూడదు, ఎందుకంటే కాలి కింద ఇనుము కదిలిందని తెలిసిన కయోటీ మళ్లీ ఆ చోటికి రావడం కష్టం. ఆపైన జల్లెడ పట్టిన పొడి మట్టిని పలచగా పరవాలి. చచ్చిన గొర్రె పక్కనే మాత్రం పెట్టకూడదు, పైనుంచి చూసి దిగే గద్దలూ రాబందులూ చిక్కుకుంటాయి.

ఎక్కడ పెట్టాలన్నది ఇంకా ముఖ్యం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హాప్లాండ్ పరిశోధన కేంద్రంలో జరిగిన అధ్యయనాల్లో, గొర్రెలను ఎక్కువగా చంపేది ఆ ప్రాంతంలో హద్దులు ఏర్పరచుకుని పిల్లలను పెంచే కయోటీ జంటలేనని తేలింది. మందను ముట్టని జంటను పట్టేస్తే ఖాళీ అయిన చోటికి గొర్రెలు తినడం మరిగిన మరో జంట రావచ్చు. కనుక కనిపించిన ప్రతి దారిలోనూ ట్రాపులు పరచడం నాకు సమ్మతం కాదు. నష్టం జరిగిన మేరలో, కంచె కింద అవి దూరి వచ్చే సందులకు బయటి వైపున పెడితే చాలు.

కాపలా కుక్కలు ఉన్నవారు మరింత జాగ్రత్త పడాలి. గ్రేట్ పైరనీస్ జాతి కుక్క కయోటీ కంటే ఎంతో బరువైనది కాబట్టి పాన్ బిగింపు దాన్ని కాపాడదు. ట్రాపులు పెట్టినన్నాళ్లూ కుక్కలు అటు వెళ్లకుండా చూడాలి, పక్క పొలంవారికీ ముందే చెప్పాలి.

టెక్సస్‌లో పశువులపై దాడి చేస్తున్న కయోటీని తన భూమిలో చంపడానికి యజమానికి వేట లైసెన్సు అక్కర్లేదు. కొలరాడోలో 1996లో, కాలిఫోర్నియాలో 1998లో, వాషింగ్టన్‌లో 2000లో ఓటర్లు ఇటువంటి ట్రాపుల వాడకాన్ని గట్టిగా పరిమితం చేశారు కనుక ఇతర రాష్ట్రాలవారు నిబంధనలు చూసుకున్నాకే ఆర్డరు పెట్టాలి. సొంతంగా చేయడానికి ధైర్యం చాలనివారు అమెరికా వ్యవసాయ శాఖలో వన్యప్రాణుల బెడదను చూసే వైల్డ్‌లైఫ్ సర్వీసెస్ విభాగం వారిని అడగవచ్చు.

కొత్తవారు డజను కొనాలని ఆత్రపడకుండా, ఉదయం పనుల మధ్య చుట్టి రాగలిగినన్నే తీసుకోవాలి. మిగిలిన డబ్బును కంచె కింది సందులు మూయడానికి పెడితే ఆ సంవత్సరం గొర్రెపిల్లలకు ట్రాప్ కంటే అదే ఎక్కువ మేలు చేస్తుంది.