గిటార్ నొటేషన్ చదవడానికి ఏది మేలు: మార్కులేసే యాపా, గిటార్ ప్రోనా, మ్యూజ్‌స్కోరా?

గిటార్ పట్టిన ఆరు నెలలకి చాలామంది ఒకే చోట ఆగిపోతారు. నాలుగైదు కార్డ్స్ వచ్చేస్తాయి, పాటకి స్ట్రమ్మింగ్ కుదురుతుంది. ఎదురుగా ఐదు గీతల స్టాఫ్ నొటేషన్ పెడితే మాత్రం చెయ్యి కదలదు. నేనూ ఏడాది పైగా అక్కడే ఉండిపోయాను. చెన్నై రికార్డింగ్ థియేటర్లలో ఇళయరాజా నొటేషన్ రాసిస్తే, వాద్యకారులు ఆ కాగితం చూసే వాయించేవారు. ఆ పాటలు వింటూ పెరిగినదాన్ని, అలాంటి కాగితం చదవడం నాకూ రావాలని గట్టి కోరిక. నేర్పే మాస్టారు దగ్గరలో దొరకలేదు. ఆఫీసు నుంచి వచ్చాక రాత్రిపూట సాఫ్ట్‌వేర్‌తోనే కూర్చున్నాను. మూడు రకాలూ వాడాక ఏది దేనికి పనికొస్తుందో నాకొక అభిప్రాయం ఏర్పడింది.

మనం వాయించేది మైక్‌లో విని మార్కులు వేసేవి మొదటి రకం. యూసీషియన్, రాక్‌స్మిత్ ప్లస్ ఈ కోవలోవి. నోట్లు తెర మీద కదులుతూ వస్తాయి, సరైన క్షణంలో తీగ మీటితే మార్కు పడుతుంది. అలవాటు పడటానికి ఇంతకంటే మంచి దారి లేదు. మొదటి రెండు నెలలు రోజూ గిటార్ చేతిలోకి తీసుకున్నానంటే అది ఒక యాప్ పుణ్యమే. లయ కూడా కుదిరింది.

చదవడం మాత్రం రాలేదు. ఎందుకో అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. కథ పైకి చదివేటప్పుడు నోరు ఒక మాట దగ్గర ఉంటే కన్ను తర్వాతి మాట దగ్గర ఉంటుంది కదా, సంగీతం చదవడమూ అంతే. చెయ్యి ఒక నోట్ వాయిస్తుండగా కన్ను తర్వాతి నోట్ మీద, వీలైతే తర్వాతి బార్ (రెండు నిలువు గీతల మధ్య ఉండే భాగం) మీద ఉండాలి. నోట్ తనంతట తానే నడిచొస్తుంటే కన్నుకి వెతికే పని లేదు, ఒక గీత దగ్గర కాపు కాస్తే చాలు. యాప్‌లో తొంభైకి పైగా మార్కులు వచ్చిన పాఠాన్నే కాగితం మీద రాసుకుని వాయించబోతే మూడో బార్ దగ్గర ఆగిపోయాను.

ఇంకో సంగతి. మైక్‌కి తెలిసేది స్వరం, సమయం. మణికట్టు ఎలా వంగిందో, బొటనవేలు గిటార్ మెడ వెనక ఎక్కడుందో దానికి తెలియదు. నా ఎడమ మణికట్టు నొప్పి పెడుతున్నా మార్కులు బాగానే పడుతూ వచ్చాయి. గిటార్ వాయించే స్నేహితురాలు ఒక్కసారి చూసి పట్టు సరిచేసింది. యాప్ వాడేవాళ్లు నెలకొకసారైనా తెలిసినవాళ్లకి చెయ్యి చూపించుకోవాలి.

రెండోది గిటార్ ప్రో. 1997 నుంచి ఉంది, డబ్బు పెట్టి కొనుక్కోవాలి. ఇందులో స్టాఫ్, దాని కింద ట్యాబ్ రెండూ కనిపిస్తాయి. ట్యాబ్ అంటే ఆరు తీగలకి ఆరు గీతలు, ఏ ఫ్రెట్ (గిటార్ మెడ మీది గడి) నొక్కాలో గీత మీద అంకె. దాన్ని చిన్నచూపు చూడాల్సిన పని లేదు. 1507లోనే వెనిస్‌లో ల్యూట్ అనే తీగ వాద్యం కోసం ట్యాబ్ పుస్తకాలు అచ్చయ్యాయి. దాని అవసరం తీగల్లోనే ఉంది. అన్నిటికంటే సన్న తీగని ఏమీ నొక్కకుండా మీటితే వచ్చే 'ఇ' నోట్ తీసుకోండి. అదే స్వరం రెండో తీగ 5వ ఫ్రెట్‌లో ఉంది, మూడో తీగ 9లో, నాలుగో తీగ 14లో, ఐదో తీగ 19లో కూడా ఉంది. పియానోలో ఒక నోట్‌కి ఒకటే మెట్టు. ఇక్కడ ఐదు చోట్లు! ఏ స్వరమో, ఎంతసేపో స్టాఫ్ చెబుతుంది; ఎక్కడ నొక్కాలో చాలాసార్లు మనమే తేల్చుకోవాలి. ట్యాబ్ ఆ చోటు చెప్పేస్తుంది. కాకపోతే నెట్‌లో దొరికే మామూలు టెక్స్ట్ ట్యాబ్‌లలో చాలావాటికి ఎంతసేపన్నది ఉండదు, పాట ముందే తెలిసుండాలి. గిటార్ ప్రోలో ఆ ఇబ్బంది లేదు.

చిక్కు వేరేచోట ఉంది. రెండూ కనిపిస్తే కన్ను అంకెల మీదికే జారుతుంది. ట్యాబ్‌ని దాచే వీలుంది, చదవడం నేర్చుకునేవాళ్లు మొదటి రోజే దాచెయ్యాలి. నాకు బాగా నచ్చింది స్పీడ్ ట్రైనర్. నాలుగు బార్లు ఎంచుకుని సగం వేగంతో మొదలుపెడితే, తిరిగొచ్చినప్పుడల్లా అదే కొంచెం పెంచుతుంది. సరళీ స్వరాలు మూడు కాలాల్లో పాడినవాళ్లకి ఈ సాధన కొత్తగా అనిపించదు. అయితే సరిగమలు వచ్చినవాళ్లు ఇంకోచోట తడబడతారు: మన 'స' శ్రుతిని బట్టి మారుతుంది, స్టాఫ్ మీద 'సి' ఎప్పుడూ 'సి'నే. నాకు ఆ అలవాటు మారడానికి నెల పట్టింది.

నా ఓటు మూడోదానికి, మ్యూజ్‌స్కోర్‌కి. ఈ సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం. అదే పేరుతో ఉన్న సైట్‌లో నొటేషన్ డౌన్‌లోడ్‌కి చందా అడుగుతారు, రెండూ ఒకటనుకుని చాలామంది వెనక్కి తగ్గుతారు. ఇది నొటేషన్ రాసుకునే సాఫ్ట్‌వేర్, నేర్పడానికి చేసింది కాదు. నేర్చుకోవడం జరిగేది ఆ రాతలోనే. పుస్తకంలోని ఎనిమిది బార్లు ముందు పెట్టుకుని, కీబోర్డు మీద ఎన్ నొక్కి, క్వార్టర్ నోట్‌కి (మామూలుగా ఒక బీట్ ఉండే నోట్) 5 నొక్కి, స్వరం పేరు అక్షరం కొట్టాలి. ఒక్కో నోట్ గీత మీదా, గీతల మధ్యా అని చూసి, పేరు పైకి అనుకుని కొట్టేదాన్ని. మూడు వారాలకి నోట్ చూడగానే పేరు తట్టడం మొదలైంది.

మొదట్లో ఒక పొరపాటు చేశాను. వాయిద్యంగా పియానో ఎంచుకున్నాను. వినిపించింది నా గిటార్ కంటే ఒక స్థాయి పైన. గిటార్ నొటేషన్‌ని వినపడేదానికంటే ఒక ఆక్టేవ్, అంటే ఒక స్థాయి, పైన రాస్తారని అప్పుడు తెలిసింది. స్టాఫ్ మొదట్లో ఉండే క్లెఫ్ గుర్తు కింద కనిపించే చిన్న 8 అందుకే. కొత్త ఫైల్ తెరిచేటప్పుడు గిటార్‌నే ఎంచుకోండి.

మ్యూజ్‌స్కోర్ మనం వాయించేది వినదు. తప్పు మనమే పట్టుకోవాలి. నేను ఫోన్‌లో రికార్డ్ చేసి పక్కపక్కన పెట్టి వింటాను.

పదేళ్ల పిల్లలకైతే మొదటి రెండు మూడు నెలలు యాపే మేలు. లీడ్ గిటార్ పిచ్చి ఉంటే గిటార్ ప్రో మీద పెట్టిన డబ్బు వృథా కాదు. సంగీతంలో గ్రేడ్ పరీక్షలకి వెళ్లేవాళ్లకి మాత్రం మ్యూజ్‌స్కోర్, కాగితం. అక్కడ సైట్ రీడింగ్‌లో ఎప్పుడూ చూడని ముక్క ఇచ్చి, చూసుకోవడానికి చాలాచోట్ల అర నిమిషం ఇస్తారు. ఇంట్లోనూ అర నిమిషం టైమర్ పెట్టుకోండి. ముక్క ఏ కీలో ఉందో, ఏ తాళంలో ఉందో చూసి, వెంటనే అన్నిటికంటే పొట్టి నోట్లున్న బార్ వెతకండి. మొత్తం వేగం దాన్ని బట్టే పెట్టుకోవాలి. తప్పు పోయినా ఆగకుండా చివరిదాకా వాయించండి. మ్యూజ్‌స్కోర్‌లో ప్లే నొక్కడం ఆ తర్వాతే. ముందే వింటే చెవి గుర్తుపెట్టుకుంటుంది, కన్ను పని మానేస్తుంది.