వేగస్‌లో గోర్డన్ రామ్సే బర్గర్లు, హోటల్ వాళ్ళ ఫ్రిజ్ బిల్లు

శాకాహారి పెద్దవాళ్ళని వెంటబెట్టుకుని లాస్ వేగస్ వెళ్ళే మనవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మా అత్తయ్యగారు గుడ్డు కూడా ముట్టరు. ఆవిడతో కలిసి ఒక బర్గర్ రెస్టారెంటుకి వెళ్ళి సంతోషంగా బయటికొస్తామని నేను అనుకోలేదు. అదే ఊళ్ళో మేం దిగిన హోటల్ మాత్రం ఒళ్ళు మండేలా చేసింది.

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ నుంచి కారులో బయల్దేరితే బార్‌స్టో మీదుగా తొమ్మిది గంటలు పట్టింది. దారిలో చెప్పుకోడానికేం లేదు. వేగస్ చేరాక చూసిన హూవర్ డ్యామ్ మాత్రం బాగుంది. 726 అడుగుల ఎత్తని నేను చదివి వినిపిస్తే, అత్తయ్యగారు మాత్రం మన నాగార్జున సాగర్‌దే అందమన్నారు. సరేనన్నాం.

ఇక బర్గర్ల సంగతి. టీవీలో గోర్డన్ రామ్సే వంటల పోటీలు వస్తే మా అబ్బాయి కదలడు. లండన్‌లో మూడు మిషెలిన్ స్టార్ల (రెస్టారెంట్లకిచ్చే అన్నిటికన్నా పెద్ద గుర్తింపు) రెస్టారెంటు ఉన్న ఈ పెద్దమనిషి 2012లో ఒకేసారి వేగస్ మీద పడ్డాడు. మే నెలలో పారిస్ హోటల్లో స్టేక్ హౌస్, డిసెంబరులో సీజర్స్ ప్యాలెస్‌లో పబ్, అదే నెలలో ప్లానెట్ హాలీవుడ్‌లో ఈ బర్గర్ల చోటు. మామూలు బట్టలతో, పిల్లలతో వెళ్ళి కూర్చోగలిగేది ఇదే. పైగా స్ట్రిప్ (పెద్ద హోటళ్ళన్నీ ఉండే మెయిన్ రోడ్డు) వైపు నుంచి లోపలికి రాగానే ఉంటుంది కాబట్టి పిల్లల్ని క్యాసినో అంతా తిప్పుకుంటూ వెళ్ళక్కర్లేదు.

మేం వెళ్ళింది తెరిచిన కొత్తలో కదా, శనివారం సాయంత్రం ముప్పావుగంట నిలబడ్డాం. ముందు భాగంలో అద్దం వెనక ఒక గోడంతా మంటలే. మావాడు దాని ముందు నుంచి రానంటాడు. మావారికి ఆకలేస్తే కోపం వస్తుంది, లైను చూసి అప్పటికే రెండుసార్లు గడియారం చూపించారు.

కూర్చున్నాక ఆర్డర్ తీసుకోడానికి వచ్చిన అమ్మాయిని నేను మొదట అడిగింది గుడ్డు గురించే. ఇక్కడ శాకాహారం పేరుతో అప్పట్లో ఎర్త్ బర్గర్ అని ఒకటుండేది. మాంసం బదులు పెద్ద పోర్టోబెల్లో పుట్టగొడుగు, పైన బురాటా చీజ్, టమాటా, అరుగులా ఆకు. "గుడ్డు ఉండదు కదా?" అంటే చాలాచోట్ల తల ఊపేసి వెళ్ళిపోతారు. ఈ అమ్మాయి "కనుక్కొని వస్తాను" అని వంటగదిలోకి వెళ్ళింది. తిరిగొచ్చి నన్ను కాకుండా, నేరుగా అత్తయ్యగారి పక్కకి వంగి చెప్పింది: బన్నులో గుడ్డు ఉంది, మీరు తినకండి. బన్ను తీసేసి లెట్యూస్ ఆకుల్లో చుట్టిస్తాను, పుట్టగొడుగు కూడా మాంసం కాల్చే చోట కాకుండా వేరే పెనం మీద చేయిస్తాను, పది నిమిషాలు ఎక్కువ పడుతుంది, పర్వాలేదా? నేను తెలుగులో చెప్పేలోపే అత్తయ్యగారు "ఓకే, థాంక్యూ" అనేశారు. ఆ ట్రిప్పులో ఆవిడ మొహం విప్పారింది అక్కడే.

నాది మాత్రం బన్నుతోనే, మంట మీద కాల్చిందే. ఇక్కడ ఆపిల్, ఆల్డర్ కట్టెల మీద కాలుస్తారు. కొరకగానే పొయ్యిలో వంకాయ కాల్చినప్పటి వాసన వచ్చింది. చీజ్ కారి మణికట్టు దాకా వచ్చేసింది, తుడుచుకుంటూనే తిన్నాను. మా తమ్ముడు బీఫ్ తింటాడు. వాడు తెప్పించుకున్న హెల్స్ కిచెన్ బర్గర్‌లో కాల్చిన హాలపేన్యో మిరపకాయలు, అవకాడో ఉంటాయి. తింటున్నంతసేపూ వాడు మాట్లాడలేదు. అత్తయ్యగారు అటువైపు చూడకుండా ఫ్రైస్ తిన్నారు, కర్రీ కెచప్ బాగా నచ్చి రెండో గిన్నె అడిగించారు. మావారు వింగ్స్ తిన్నాక మళ్ళీ మనిషయ్యారు. మావాడి షేక్‌లో పైన క్రెమ్ బ్రూలే పుడ్డింగు, కింద ఓరియో. ఎవరికీ చెంచాడు కూడా పెట్టలేదు.

అప్పట్లో బర్గర్లు 13, 14 డాలర్లు, ఫ్రైస్ 8, షేక్ 9. పన్ను, టిప్ కలిపి ఐదుగురికి 87 డాలర్లు. బర్గర్లకి అప్పట్లో ఇది ఎక్కువే. కానీ స్ట్రిప్ మీద ఇంత ఓపిగ్గా అడిగి పెట్టినందుకు నాకు ఒక్క డాలరు కూడా నొప్పి అనిపించలేదు.

ఇప్పుడు హోటల్. ఆన్‌లైన్‌లో రాత్రికి 79 డాలర్లని చూసి బుక్ చేశాం. కౌంటర్ దగ్గరికెళ్తే రిసార్ట్ ఫీజు 25, దాని మీద 12 శాతం పన్ను, వెరసి గదికి రోజుకి ఇంకో 28 డాలర్లు. దేనికయ్యా అంటే వైఫై, జిమ్, లోకల్ ఫోన్ కాల్స్ అట. మేం జిమ్ గుమ్మం కూడా తొక్కలేదు, తీసెయ్యమంటే కుదరదన్నాడు.

అసలు మంట అది కాదు. అత్తయ్యగారు ఇంటి నుంచి తెచ్చుకున్న పెరుగు డబ్బాని గదిలో ఫ్రిజ్‌లో పెట్టారు. చోటు కోసం లోపలున్న రెండు సీసాలూ ఒక జీడిపప్పు డబ్బా తీసి బల్ల మీద పెట్టారు, అంతే. దేనికీ మూత కూడా తియ్యలేదు. అది మినీబార్ అట, అంటే లోపలున్నవి తీసుకుంటే డబ్బులు కట్టాల్సిన ఫ్రిజ్, అడుగున సెన్సర్లుంటాయట, వస్తువు లేపితే చాలు బిల్లులో పడిపోతుంది. ఖాళీ చేసేటప్పుడు చూస్తే 34 డాలర్లు! వస్తువులన్నీ అలాగే ఉన్నాయి, మనిషిని పంపి చూసుకోమన్నాను. "కార్డు మీద రాసి ఉంది మేడమ్" అంటాడు, నా వైపు చూడకుండా, కంప్యూటర్లోకి చూస్తూ. ఆ కార్డు టీవీ వెనకాల ఉంది! అరగంట నిలబడి గొడవపడితే సగం తీసేశారు. డబ్బు పోతే పోయింది, డెబ్బై ఏళ్ళావిడ "నావల్లే కదమ్మా" అనుకుంటూ బార్‌స్టో దాకా నోరు విప్పలేదు. అందుకు నాకు ఇప్పటికీ కోపమే.

మీరు వెళ్తే స్ట్రిప్‌కి కాస్త దూరంగా, వంటగది ఉన్న సూట్ తీసుకోండి. రిసార్ట్ ఫీజు ఎంతో ఫోన్ చేసి ముందే అడగండి. మినీబార్ ఉంటే దాని తలుపు తియ్యకుండా, పెరుగుకి వేరే ఫ్రిజ్ కావాలని కౌంటర్‌లో చెప్పండి. రామ్సే దగ్గరికి వారం మధ్యలో, భోజనాల వేళకి ముందే వెళ్ళిపోండి. తిన్నాక రోడ్డు దాటితే బెలాజియో ఫౌంటెన్లు. రాత్రి ఎనిమిది దాటాక పావుగంటకోసారి ఆడతాయి, దానికి పైసా ఇవ్వక్కర్లేదు. బన్నులో గుడ్డు సంగతి మాత్రం ఆర్డరివ్వకముందే చెప్పండి, లెట్యూస్‌లో చుట్టిస్తారేమో అడగండి. కర్రీ కెచప్ మొదటే రెండు గిన్నెలు అడగండి.