నలుపు నల్లగా రావాలంటే ఏది మేలు: మ్యాటా, బరైటానా?

బ్లాక్ అండ్ వైట్ ప్రింట్లు వేసుకునేవాళ్ళు నన్ను అడిగే ప్రశ్నల్లో సగం ఒకటే. స్క్రీన్ మీద నిగనిగలాడిన నలుపు కాగితం మీదకి వచ్చేసరికి బూడిదరంగులోకి దిగిపోతోంది, ఏ ప్రింటర్ కొనమంటారు అని. వాళ్ళు ప్రింటర్ గురించి అడుగుతారు, నేను కాగితం గురించి చెబుతాను. అక్కడితో వాళ్ళ ఉత్సాహం సగం చల్లారుతుంది. గోడకి వేలాడే ప్రింట్లన్నిటికీ ఈమధ్యే మ్యాట్ (మెరుపు లేని కాగితం) వదిలి బరైటాకి (పాత డార్క్‌రూమ్ ప్రింట్లలా కాస్త మెరిసే, బేరియం సల్ఫేట్ పూత తరహా కాగితం) మారాను కాబట్టి ఆ లెక్కంతా ఒకచోట రాసి పెడుతున్నాను. రంగు ప్రింట్ల సంగతి వేరు, వాటి జోలికి ఇక్కడ పోవడం లేదు.

ముందు అంకెలు. నలుపు ఎంత నలుపో డెన్సిటీతో కొలుస్తారు. 1.0 అంటే పడిన వెలుతురులో పదో వంతు తిరిగొస్తోందని, 2.0 అంటే నూరో వంతే వస్తోందని అర్థం. మంచి మ్యాట్ కాగితం మీద, మ్యాట్ బ్లాక్ (మ్యాట్ కాగితాలకని చేసిన నలుపు) ఇంకుతో, అన్నీ కుదిరితే 1.6 నుంచి 1.7 దాకా వస్తుంది. బరైటా మీద, మెరిసే కాగితాలకని చేసిన నలుపు ఇంకు ఫోటో బ్లాక్‌తో 2.3 అందుకోవడం కష్టం కాదు, కొత్త మెషీన్లు 2.5 దగ్గరికీ వెళ్తున్నాయి. పాతకాలం డార్క్‌రూమ్‌లో కడిగిన ఫైబర్ గ్లాసీ ప్రింటు 2.1, 2.2 దగ్గర ఆగేది. అంటే డార్క్‌రూమ్ నలుపు ఇంక్‌జెట్‌కి రాదు అనే మాట బరైటా విషయంలో ఎప్పుడో చెల్లిపోయింది.

ఈ దశాంశాలు చూసి తేడా చిన్నదే అనుకోవద్దు. 1.65 అంటే రమారమి 2.2 శాతం వెలుతురు. కాగితం తెలుపు 90 శాతం తిప్పి పంపుతోందనుకుంటే, తెలుపుకీ నలుపుకీ మధ్య 40 రెట్ల తేడా. 2.3 దగ్గర తిరిగొచ్చేది అర శాతమే, అప్పుడు తేడా 180 రెట్లు. కెమెరా భాషలో (ఒక స్టాపు అంటే వెలుతురు రెట్టింపు) మొదటిది 5 స్టాపుల పైచిలుకు, రెండోది ఏడున్నర. రెండు స్టాపులు! లెన్స్‌లో ఒక్క స్టాపు కోసం ఎంత డబ్బు పోస్తామో తెలిసినవాళ్ళకి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

ఇంకు చూస్తే రెంటికీ కార్బన్ పిగ్మెంటే, అంటే కరగని సన్నటి రంగు పొడి. మరి ఇంత తేడా ఎందుకు? కడప బండ ఎండి ఉన్నప్పుడు బూడిదరంగులో ఉంటుంది, బిందెడు నీళ్ళు కుమ్మరించగానే నల్లబడుతుంది. బండ మారలేదు, దాని పైభాగం మారింది. గరుకు తలం మీద పడిన వెలుతురు నలుదిక్కులా చెదురుతుంది, ఎక్కడ నిలబడినా కొంత మన కంట్లో పడి నలుపుని పలచన చేస్తుంది. నున్నటి తలం మీద ఆ మెరుపంతా ఒకే దిక్కుకి పోతుంది. మనం దాని దారిలోంచి తప్పుకుంటే అడుగున ఉన్న నలుపు కనిపిస్తుంది. పైగా మ్యాట్ పూతలోకి ఇంకు కాస్త దిగిపోతుంది కూడా. అందుకే మ్యాట్ మీద డెన్సిటీ స్లయిడర్ పెంచి ఇంకా ఇంకు పోస్తే ఒక హద్దు దాటాక ఏమీ పెరగదు. నీడలు చెమ్మగిల్లి ముద్దవుతాయి, ఒక్కోసారి నలుపు వెనక్కి కూడా తగ్గుతుంది.

అయితే నన్ను బరైటా వైపు తిప్పింది అట్టడుగు నలుపు కాదు, దాని పైనున్న నాలుగైదు మెట్లు. ఒక ఉదాహరణ తీసుకోండి: నల్ల గొంగడి కప్పుకుని నీడలో కూర్చున్న గొల్ల పెద్దమనిషి. ఫైల్లో గొంగడి మడతలన్నీ 8 నుంచి 25 మధ్య విలువల్లో ఉంటాయి (0 అంటే పూర్తి నలుపు, 255 తెలుపు). మ్యాట్ మీద ఆ మడతలు కనబడాలంటే వాటిని కర్వ్స్‌లో పైకి లేపాలి, లేపితే గొంగడి నల్లదనం పోతుంది. లేపకపోతే ఉన్ని నేత, మడత, కింద నీడ అన్నీ ఒకే మచ్చ. బరైటా మీద కింద చోటు ఎక్కువ కాబట్టి గొంగడి నల్లగానే ఉంటుంది, నేతా కనిపిస్తుంది. నలుపు లోతు అని మనం మెచ్చుకునేది చాలాసార్లు ఇదే. ఏ వివరమూ లేని పెద్ద నల్లటి నేపథ్యం మ్యాట్ మీద కూడా బాగానే ఒప్పుకుంటుంది, ఎందుకంటే పక్కన పోల్చడానికి ఇంకో నలుపు లేకపోతే కన్ను సర్దుకుపోతుంది.

మరి బరైటాలో తప్పుల్లేవా? ఉన్నాయి. పిగ్మెంట్ ఇంకు కాగితం పైనే కూర్చుంటుంది కాబట్టి ఏటవాలుగా చూస్తే ఇంకు పడిన చోట ఒక మెరుపు, ఖాళీ తెలుపు దగ్గర ఇంకో మెరుపు. కొన్ని కోణాల్లో నీడల మీద రాగి ఛాయ తేలుతుంది, దాన్నే బ్రాంజింగ్ అంటారు. దీనికి కంపెనీలు చెరో దారి పట్టాయి. క్యానన్ ప్రో-1000, ప్రో-300లలో క్రోమా ఆప్టిమైజర్ అనే పారదర్శక ద్రవాన్ని పైన పరుస్తారు. ఎప్సన్ పీ700, పీ900లు గ్లాసీ కాగితాల మీద ముదురు భాగాలపై లేత బూడిద ఇంకు ఇంకో పొర వేసి నలుపుని పెంచుతాయి. నా కంటికి ఎప్సన్ నలుపు ఒక పిసరు లోతుగా, క్యానన్ మెరుపు ఒక పిసరు సాఫీగా అనిపిస్తాయి. రెండింటి మధ్య తేడా మాత్రం మ్యాట్‌కీ బరైటాకీ ఉన్న తేడాలో నాలుగో వంతు కూడా ఉండదు.

అసలు తేల్చే విషయం ఎవరూ అడగరు: ప్రింటు వేలాడే గోడకి ఎదురుగా ఏముంది? మన ఇళ్ళలో ఫ్రేములు తరచూ వీధి గుమ్మానికి ఎదురుగానో, పెద్ద కిటికీకి ఎదురుగానో పడతాయి. అక్కడ బరైటా వేస్తే మధ్యాహ్నం పూట మీరు చూసేది నలుపుని కాదు, కిటికీ ఊచల్ని. మామూలు అద్దం బిగిస్తే ఇంకా కష్టం. గాజు ఒక్కో ముఖం నుంచి 4 శాతం చొప్పున, రెండూ కలిసి 8 శాతం దాకా వెలుతురు తిప్పికొడుతుంది. ఎదురుగా వెలుగుతున్న కిటికీ ఉంటే ఆ 8 శాతం ముందు మన అర శాతం నలుపు ఏ మూలకి? అదే ఎదుటి గోడ ముదురు రంగులో ఉండి, దీపం పైనుంచి ఏటవాలుగా ప్రింటు మీద పడితే, ఆ అద్దంలోంచే బరైటా నలుపు చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. గ్యాలరీల్లో దీపాలు అలా వంచి పెట్టేది ఇందుకే. ప్రతిఫలనం 1 శాతం లోపు ఉండే మ్యూజియం గ్లాస్ దొరుకుతుంది గానీ, దాని ధర ఒక్కోసారి ప్రింటు ధరని మించుతుంది.

కాబట్టి ఎదురుగా వెలుతురు ఉండి, మార్చే వీలు లేకపోతే మ్యాట్ తీసుకుని, అద్దం లేకుండా పెట్టండి. ఏ వైపు నుంచి చూసినా ఒకేలా ఉంటుంది. చేతిలో పట్టుకుని చూసే ప్రింట్లకి, పుస్తకంలా కుట్టే పోర్ట్‌ఫోలియోకి, లంబసింగి పొగమంచు లాంటి తెల్లటి బొమ్మలకి కూడా నేను ఇప్పటికీ మ్యాటే వాడతాను. హానెమ్యూలె ఫోటో రాగ్ 308 మీద మంచు పొర వచ్చినట్టు బరైటా మీద రాదు. వెండి బదులు ప్లాటినం వాడే పాతకాలపు ప్రింట్ల నలుపు డెన్సిటీ మ్యాట్ ఇంక్‌జెట్ కంటే కూడా తక్కువే, అయినా వంద ఏళ్ళకి పైగా వాటిని నెత్తిన పెట్టుకుంటున్నారు. ఒక్కటి గుర్తుంచుకోవాలి: మ్యాట్ మీద నలుపు చాలా నాజూకు. గోరు తగిలినా, ఇంకో కాగితం రాసుకున్నా గీత పడుతుంది. నూలు కాగితాల పైన నలకలు కూడా ఉంటాయి, వాటి మీద ఇంకు పడి, తర్వాత అవి రాలిపోతే నలుపు మధ్యలో తెల్ల చుక్కలు మిగులుతాయి. మెషీన్‌లో పెట్టే ముందు మెత్తటి బ్రష్‌తో ఒకసారి దులపాలి.

ఇక ప్రింటర్. 2005లో ఎప్సన్ ఆర్2400తో పాటు వచ్చిన కే3 ఇంకుల్లో నలుపు, రెండు బూడిదలు కలిపి మూడు మెట్లు. నీడల్లో చుక్కలు కనిపించడం, రంగు ఛాయ తేలడం అప్పటినుంచి బాగా తగ్గాయి. మ్యాట్, ఫోటో బ్లాక్‌ల మధ్య మారడానికి అందులో కార్ట్రిడ్జే తీసి మార్చాలి. తర్వాతి ఎప్సన్ పీ800లో రెండు నలుపు ఇంకులూ ఒకే దారి పంచుకునేవి, మారిన ప్రతిసారీ ఇంకు వృథా. పీ700, పీ900లలో, క్యానన్ ప్రో శ్రేణిలో ఆ బాధ లేదు, రెండింటికీ వేరే దారులున్నాయి. సెకండ్ హ్యాండ్‌లో పాత మెషీన్ తీసుకునేవాళ్ళు ఏదో ఒక నలుపుకే కట్టుబడి ఉంటే మేలు.

మన స్టూడియోల్లో ఎక్కువగా కనిపించే ఎల్1800, ఎల్18050 లాంటి ఆరు రంగుల ఎప్సన్ ట్యాంకు ప్రింటర్లలో ఉండేది డై ఇంకు, అంటే ద్రవంలో పూర్తిగా కరిగిన రంగు. గ్లాసీ మీద దాని నలుపుకి వంక పెట్టలేం. ఇంకు పూతలోకి ఇంకిపోతుంది కాబట్టి బ్రాంజింగ్ కూడా ఉండదు. అవస్థంతా మధ్య మెట్లలో. బూడిద ఇంకులు లేవు కాబట్టి బూడిదలన్నీ రంగులు కలిపి చేయాల్సిందే. ట్యూబ్‌లైట్ కింద పచ్చగా, ఎండలోకి తెస్తే ఎర్రగా అనిపించే బొమ్మలు ఇలా వచ్చినవే. గోడ మీద, ముఖ్యంగా అద్దం లేకుండా ఉంటే, పిగ్మెంట్ కంటే త్వరగా వెలిసిపోతాయి కూడా. మ్యాట్ కాగితం మీద మాత్రం వీటితో నలుపు ఆశించకండి.

ఏ మెషీన్ అయినా, నలుపు పోయిందని వచ్చేవాళ్ళలో చాలామందికి కారణం డ్రైవర్‌లో (కంప్యూటర్‌లోని ప్రింటర్ సాఫ్ట్‌వేర్) మీడియా టైప్, అంటే కాగితం రకం, తప్పు పెట్టడం. మ్యాట్ కాగితం పెట్టి గ్లాసీ ఎంచుకుంటే ఫోటో బ్లాక్ దిగుతుంది, అది మ్యాట్ మీద పొడిబారి బూడిదగా తేలుతుంది. రెండోది, ఫోటోషాప్ ఒకసారి, డ్రైవర్ ఒకసారి రంగుల్ని సర్దడం. ఏదో ఒకదానికే ఆ పని అప్పగించాలి. ఎప్సన్‌లో అడ్వాన్స్‌డ్ బ్లాక్ అండ్ వైట్ మోడ్ వాడితే ఈ గొడవ తప్పుతుంది, నలుపు కూడా ప్రొఫైల్ (కాగితానికి తగ్గ రంగుల పట్టిక) దారికంటే సాధారణంగా బాగుంటుంది. కాకపోతే టోన్ "డార్కర్" మీద ఉంటే నీడలు మూసుకుపోతాయి, ఒక మెట్టు తగ్గించండి. కాగితం మార్చినప్పుడల్లా 0 నుంచి 30 దాకా రెండేసి తేడాతో గళ్ళ పట్టీ ఒకటి ప్రింట్ చేసి, ఒక రోజు ఆరనిచ్చి చూడాలి. సున్నా గడి నుంచి విడిగా కనిపించే మొదటి గడి ఏదో, మీ కాగితం మీద నీడలు మొదలయ్యేది అక్కడే. రెండు కాగితాలకీ ఒకే ఫైల్ పంపి ఏది బాగుందని తేల్చడం అన్యాయం. ఏ కాగితానికి ఆ కాగితం పట్టీ చూసి ఫైల్ సర్దుకోవాలి.

మిగతావి రెండు ముక్కల్లో. పీజోగ్రఫీ అనే, రంగుల బదులు నలుపు, బూడిద మెట్లే ఉండే కార్బన్ ఇంకులతో మెట్లు వెన్నలా సాగుతాయి, మ్యాట్ నలుపు కూడా కొంచెం పెరుగుతుంది, కానీ దానికోసం ఒక ప్రింటర్‌ని పూర్తిగా ధారపోయాలి, ఇంకు బయటి దేశం నుంచి తెప్పించుకోవాలి. కలర్ ల్యాబ్ పేపర్ (ల్యాబుల్లో రసాయనాలతో కడిగే ఫోటో కాగితం) మీద నలుపు లోతుగానే ఉంటుంది, రంగు ఛాయ ల్యాబ్ వాళ్ళ ఆ రోజు క్యాలిబ్రేషన్‌ని బట్టి. మ్యాట్ ప్రింటు మీద వార్నిష్ స్ప్రే చేస్తే నలుపు కాస్త పెరిగి గీతల భయం తగ్గుతుంది, అయితే దుమ్ములేని గది కావాలి. లస్టర్ ఆర్‌సీ (ప్లాస్టిక్ పూతతో కాస్త మెరిసే) కాగితం డెన్సిటీలో బరైటాకి తీసిపోదు, ధరా తక్కువ. చేతికి ప్లాస్టిక్‌లా తగులుతుంది, అంతే. అద్దం వెనక పెట్టేదానికి అది అడ్డేమీ కాదు.

నేను గోడకి వాడుతున్నది క్యాన్సన్ ప్లాటిన్ ఫైబర్ రాగ్ 310. నూటికి నూరుపాళ్ళు నూలు, మెరుపు మరీ అద్దంలా ఉండదు. మొదటిసారి కొనేవాళ్ళు పెద్ద సైజు ప్యాకెట్ జోలికి పోకుండా, మ్యాట్ ఒకటీ బరైటా ఒకటీ ఏ4 శాంపిల్స్ తెచ్చుకోండి. ఒకే బొమ్మని, చెప్పినట్టు విడివిడిగా సర్ది వేసి, ఫ్రేము తగిలించబోయే మేకు దగ్గరే అంటించి, పగలొకసారి, లైటు వేశాక ఒకసారి చూడండి.