గులాబీ పురుగు: అరిజోనాలో ఓడింది, మన దగ్గర గెలిచింది
పత్తి కాయని తొలిచే అదే పురుగు, దాన్ని చంపే బాక్టీరియా జన్యువు పెట్టిన అదే బీటీ పత్తి. 1996 నుంచి అరిజోనా రైతులు పక్కనే మామూలు పత్తి కూడా వేశారు. అక్కడ పెరిగిన, బీటీకి చచ్చే రకం రెక్కల పురుగులు తట్టుకునే వాటితో జతకట్టాయి. ఆ తట్టుకునే గుణం తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ వస్తేనే పనిచేస్తుంది కాబట్టి, పిల్లలు బీటీ కాయ తిని చచ్చాయి. తర్వాత పిల్లల్ని పుట్టించలేని రెక్కల పురుగుల్ని కూడా వదిలారు. 2018లో అమెరికా పత్తిలో ఇక ఈ పురుగు లేదని ప్రకటించారు.

మన దగ్గరా 450 గ్రాముల ప్యాకెట్‌తో 120 గ్రాముల నాన్ బీటీ విత్తనాలు ఇచ్చారు. రెండెకరాల రైతుని పురుగుల కోసం పత్తి పెంచమంటే పెంచుతాడా? ఆ పొట్లం గట్టు మీదే ఉండిపోయేది. పైగా ఫిబ్రవరి దాకా పంట ఉంచడంతో పురుగుకి ఇంకొన్ని తరాలు దొరికాయి. 2006లో పురుగుని చంపే జన్యువులు రెండున్న బీటీ వచ్చింది, పదేళ్లు తిరక్కుండానే కాయ విప్పితే లోపల గులాబీ పురుగు. రైతుని తిట్టడం సులువే గానీ, నేనైతే ఏళ్ల తరబడి బీటీ, నాన్ బీటీ విత్తనాలు ఒకే ప్యాకెట్‌లో ముందే కలిపి ఇవ్వనివాళ్లనే అంటాను.