ఆఫీసు సిస్టమ్‌లకు ఐపీ చేత్తో కొట్టాలా, రౌటర్‌కు వదిలేయాలా?

కడప ఏడురోడ్ల దగ్గర ఆడిటర్ ఆఫీసైనా, ప్రొద్దుటూరులో బంగారం అంగడైనా అమరిక దాదాపు ఒకటే. ఎనిమిదో పదో సిస్టమ్‌లు, ట్యాలీ డేటా ఉన్న సర్వర్ ఒకటి, అందరికీ కలిపి ఒక ప్రింటర్. పొద్దున్నే అందులో ఒక సిస్టమ్ నెట్‌వర్క్‌కు తగులుకోదు. వెంటనే ఒక సలహా వినపడుతుంది: "స్టాటిక్ ఐపీ కొట్టేయ్‌ప్పా, పీడ పోతుంది." పోతుందా? ఐపీ అంటే నెట్‌వర్క్‌లో ఒక్కో సిస్టమ్‌కూ ఉండే నంబరు అడ్రస్. దాన్ని మారకుండా మనమే చేత్తో కొడితే స్టాటిక్.

ముందు రోగమేదో తేల్చుకోవాలి. కేబుల్ గుచ్చిన చోట లైటు వెలగకపోతే ఐపీ జోలికే వెళ్లొద్దు. వైరో, క్లిప్పు విరిగిన కనెక్టరో, కేబుళ్లన్నీ కలిసే నెట్‌వర్క్ స్విచ్‌లో ఆ పోర్టో పాడైనట్టు. లైటు వెలుగుతుంటే కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఆల్ కొట్టి చూడండి. 169.254తో మొదలయ్యే అడ్రస్ కనిపిస్తే, సిస్టమ్ అడ్రస్ అడిగింది, ఇచ్చే దిక్కు లేక తానే ఒకటి పెట్టుకుంది అని అర్థం. పక్కన డూప్లికేట్ అని పడితే అదే నంబరు ఇంకో మిషన్ దగ్గర ఉంది.

స్టాటిక్‌కు ఒక గట్టి బలం ఉంది. రౌటర్ చచ్చిపోయినా, స్విచ్‌కు కరెంటు ఉన్నంతసేపు సిస్టమ్‌లు ఒకదాన్నొకటి చూసుకుంటాయి. నెట్ లేకపోయినా సర్వర్‌లో బిల్లింగ్ ఆగదు. రౌటరే అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ పద్ధతిలో ఆ ధీమా లేదు. రౌటర్ లేనప్పుడు సిస్టమ్ రీస్టార్ట్ అయిందంటే నిన్నటి అడ్రస్‌కు గడువు మిగిలున్నా, విండోస్ ముందు గేట్‌వేను, అంటే బయటి నెట్‌కు దారి అయిన రౌటర్‌ను, పలకరిస్తుంది. బదులు రాకపోతే 169.254కు జారిపోతుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు జరిగేది కూడా ఇదే. ఎస్‌ఎస్‌డీ ఉన్న సిస్టమ్ అర నిమిషంలో లేస్తుంది, రౌటర్ పని చేసే ఫైబర్ బాక్స్‌కు రెండు నిమిషాలైనా పడుతుంది. కాసేపాగి ఐపీకాన్ఫిగ్ స్లాష్ రెన్యూ కొడితే చాలు. అసలు మందు మాత్రం రౌటర్‌కూ స్విచ్‌కూ చిన్న యూపీఎస్ పెట్టడం. అడాప్టర్ మీద ఉన్న వోల్టులు యూపీఎస్‌తో సరిపోవాలి, ఆంపియర్లు తగ్గకూడదు.

ఇక స్టాటిక్ తెచ్చిపెట్టే తంటాలు. ఎవరికి చివరి నంబరు 10 ఇచ్చాం, ఎవరికి 11 ఇచ్చాం అన్న చీటీ ఆర్నెల్లలో మాయమవుతుంది. కొత్తగా వచ్చిన సిస్టమ్‌కు ప్రింటర్ నంబరే కొట్టేస్తారు, ప్రింట్లు ఆగిపోతాయి. సైటు పేరును నంబరు అడ్రస్‌గా మార్చే డీఎన్‌ఎస్ గడి ఖాళీగా వదిలేస్తే, పింగ్ కొట్టి పలకరించినప్పుడు సర్వర్ బదులిస్తుంది, బయటి నెట్‌లోని 8.8.8.8 కూడా బదులిస్తుంది, జీఎస్‌టీ పోర్టల్ మాత్రం తెరుచుకోదు. అన్నిటికన్నా పెద్ద దెబ్బ నెట్ కంపెనీ మారిన రోజు పడుతుంది. పాత బాక్స్ 192.168.1.1, కొత్తది 192.168.29.1 అయితే పది సిస్టమ్‌లకూ ఒకేసారి నెట్ పోతుంది. దీనికి ఒక కిటుకుంది: కొత్త రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్లి దాని ల్యాన్ (ఆఫీసు లోపలి నెట్‌వర్క్) అడ్రస్‌నే పాత 192.168.1.1కు మార్చేయండి. తర్వాత సర్వర్ షేర్ ఫోల్డర్ తెరుచుకోకపోతే, విండోస్ దీన్ని కొత్త నెట్‌వర్క్ అనుకుని పబ్లిక్‌లో పెట్టిందేమో చూసి ప్రైవేట్‌కు మార్చండి.

డీహెచ్‌సీపీలో ఇంత చాకిరీ లేదు గానీ, దానికీ ఒక శత్రువు ఉంది. వైఫై అందని గదికి ఎవరో ఇంటి నుంచి పాత రౌటర్ తెచ్చి దాని ల్యాన్ పోర్టులో ఆఫీసు కేబుల్ గుచ్చుతారు. అప్పట్నుంచి అడ్రస్‌లు పంచేవాళ్లు ఇద్దరు. కొన్ని సిస్టమ్‌లు 192.168.0తో మొదలయ్యే అడ్రస్‌ల్లోకి వెళ్లిపోయి సర్వర్‌ను చూడలేవు. ఆ రౌటర్ అడ్రస్‌ను 192.168.1.2 చేసి, అందులో డీహెచ్‌సీపీ ఆపేస్తే సరి.

మా ఓటు మూడో దారికి. సిస్టమ్‌లన్నీ డీహెచ్‌సీపీలోనే ఉండాలి. సర్వర్‌కూ ప్రింటర్‌కూ మాత్రం రౌటర్‌లోనే అడ్రస్ రిజర్వేషన్ చేయాలి. ఐపీకాన్ఫిగ్‌లో ఫిజికల్ అడ్రస్ అని కనిపించే 12 అంకెలు, అక్షరాలు రౌటర్‌లో కొట్టి, దానికెదురుగా 192.168.1.10 లాంటి నంబరు రాస్తే ఎప్పుడూ అదే వస్తుంది. ప్రింటర్‌దైతే దాని నెట్‌వర్క్ రిపోర్ట్ కాగితంలో ఉంటుంది. రౌటర్ మారితే కొత్తదాంట్లో ఈ రెండు వరుసలు ఎక్కిస్తే పని అయిపోతుంది. ల్యాప్‌టాప్‌లో ఈ ఫిజికల్ అడ్రస్ కేబుల్‌కు వేరు, వైఫైకి వేరు. వైఫైకి రిజర్వేషన్ చేస్తుంటే విండోస్‌లో ర్యాండమ్ హార్డ్‌వేర్ అడ్రస్ ఆపేయాలి, లేదంటే రిజర్వేషన్ పనిచేయదు.

కొన్ని ఫైబర్ బాక్సుల్లో రిజర్వేషన్ సౌకర్యమే ఉండదు. అప్పుడు డీహెచ్‌సీపీ పంచే చివరి నంబర్ల పరిధిని 100 నుంచి 199కి కుదించి, సర్వర్‌కూ ప్రింటర్‌కూ 100 లోపు నంబర్లు చేత్తో కొట్టండి. ఆ నంబరు రాసిన స్టిక్కర్ మిషన్ మీదే అంటించండి. సర్వర్‌లో మాత్రం నెట్‌వర్క్ రీసెట్ బటన్ ఎవరినీ నొక్కనివ్వొద్దు, కొట్టిన నంబరు చెరిగిపోతుంది.