49 కీల యూఎస్‌బీ మిడి కీబోర్డ్: కొన్నేళ్ల వాడకం తర్వాత కనెక్షన్ గురించే ఒక సమీక్ష

మిడి కీబోర్డ్ తనంతట తాను మోగదు. ఏ కీ ఎంత గట్టిగా నొక్కామో మిడి సందేశాలుగా కంప్యూటర్‌కు పంపుతుంది, శబ్దం చేసేది అక్కడి సాఫ్ట్‌వేర్. ఇలాంటి కీబోర్డుల సమీక్షలు చాలావరకు డబ్బా తెరిచిన వారంలోనే రాసేస్తారు. కీలు మెత్తగా ఉన్నాయా, ప్యాడ్లు (డ్రమ్స్ కోసం వేలితో కొట్టే చదరాలు) బాగా స్పందిస్తున్నాయా, కూడా ఏ ప్లగిన్లు (వాయిద్యాల సాఫ్ట్‌వేర్) ఉచితంగా ఇచ్చారు అన్నదాంతో అవి అయిపోతాయి. నా 49 కీల యూఎస్‌బీ కంట్రోలర్‌ను, అంటే ఈ కీబోర్డును, కొన్నేళ్లుగా దాదాపు రోజూ వాడుతున్నాను. విండోస్ ల్యాప్‌టాప్ మీద, మ్యాక్ మీద, ఏబుల్‌టన్ లైవ్, ఎఫ్ఎల్ స్టూడియో, రీపర్ అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్లతో నడిపాను. ఇన్నాళ్లయ్యాక కీల స్పర్శ ఎలా ఉందన్నది నాకు రెండో విషయం అయిపోయింది. ట్యూన్ ఒకటి తట్టినప్పుడు కూర్చుని నొక్కితే మోగిందా లేదా అన్నదే మొదటి విషయం. మోగనప్పుడు కారణం ఎంత త్వరగా దొరికిందన్నది దాని వెంటే వస్తుంది. కంపెనీ పేరు రాయడం లేదు. ఇక్కడ చెప్పేదంతా ఈ తరగతి కీబోర్డులన్నిటికీ వర్తిస్తుంది.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. కీబోర్డ్ మంచిదే. 'కనెక్ట్ కావట్లేదు' అనిపించిన సందర్భాల్లో లోపం కీబోర్డ్‌లో ఉన్నది బహు తక్కువ. సిగ్నల్ మాత్రం ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది. అది ఎక్కడ ఆగిందో తెలుసుకోకుండా డ్రైవర్లు తీసేసి మళ్లీ వేయడం, సాఫ్ట్‌వేర్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం మొదలుపెడితే సాయంత్రం మొత్తం పోతుంది. ట్యూన్ కూడా పోతుంది.

అందుకే ఏ కంట్రోలర్ కొన్నవాళ్లకైనా నేను మొదట చెప్పేది, ఒక మిడి మానిటర్ ప్రోగ్రామ్ దగ్గర పెట్టుకోమని. విండోస్‌లో మిడి-ఓఎక్స్, మ్యాక్‌లో మిడి మానిటర్ ఉన్నాయి, రెండూ ఉచితమే. వీటితో సంగీతం చేయలేం. కీబోర్డ్ నుంచి వచ్చే ప్రతి సందేశాన్నీ వరసగా తెర మీద చూపించడమే వాటి పని. మధ్య సి కీ నొక్కి చూడండి. మూడు సంఖ్యలు కనిపిస్తాయి, ఉదాహరణకు 144, 60, 97. ఒకటో ఛానల్‌లో నోట్ మొదలైందని 144 చెబుతుంది. 60 ఆ నోట్ సంఖ్య, 97 ఎంత గట్టిగా నొక్కామన్నది. వేలు తీయగానే 128తో మొదలయ్యే వరస వస్తుంది, లేదంటే అదే 144 మళ్లీ వచ్చి చివర్లో సున్నా ఉంటుంది. సస్టెయిన్ పెడల్ (నోట్‌ను సాగదీసేది) తొక్కితే 176, 64, 127. కొన్ని మానిటర్లు ఇవే సంఖ్యలను వేరే అంకె పద్ధతిలోనో, మాటల్లోనో చూపిస్తాయి. తేడా ఏమీ లేదు.

ఈ వరస కనిపించిందంటే కీబోర్డ్, కేబుల్, యూఎస్‌బీ పోర్ట్, ఆపరేటింగ్ సిస్టమ్ నాలుగూ బాగున్నట్టే. ఇక వెతకాల్సింది మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ లోపల. కనిపించలేదంటే ఆ సాఫ్ట్‌వేర్ సెట్టింగులు ముట్టుకోనక్కర్లేదు. సమస్య ఇవతలే, అంటే ఆ నాలుగింటిలోనే ఉంది. ఈ ఒక్క విభజనతో నా టెన్షన్ సగానికి సగం తగ్గింది.

ఇవతలి వైపు మొదటి అనుమానితుడు కేబులే. ఫోన్ ఛార్జింగ్ కోసం వచ్చే కొన్ని కేబుళ్లలో కరెంటు తీగలు మాత్రమే ఉంటాయి, డేటా తీగలు ఉండవు. అలాంటిది పెడితే కీబోర్డ్ లైట్లు చక్కగా వెలుగుతాయి, ఆక్టేవ్ బటన్లు (కీలన్నిటి స్థాయినీ పైకీ కిందికీ జరిపేవి) పనిచేస్తాయి, కంప్యూటర్‌కు మాత్రం ఏమీ తెలియదు. లైట్ వెలిగింది కాబట్టి కనెక్ట్ అయినట్టే అనుకోవడం చాలామందిని చాలాసేపు తిప్పుతుంది. రెండోది హబ్. యూఎస్‌బీ 2.0 పోర్ట్ ఒక పరికరానికి ఇవ్వగలిగింది 500 మిల్లీ ఆంపియర్లు. సొంత పవర్ లేని హబ్‌కు కీబోర్డ్, ఆడియో ఇంటర్‌ఫేస్ (కంప్యూటర్‌లోకి శబ్దం తెచ్చి, బయటికి పంపే పెట్టె), హార్డ్ డిస్క్ అన్నీ తగిలిస్తే ఆ కాస్త కరెంటునే అన్నీ పంచుకోవాలి. అప్పుడు కీబోర్డ్ ఒకసారి కనబడుతూ ఒకసారి మాయమవుతూ ఉంటుంది. ప్యాడ్లకు రంగు లైట్లు ఎక్కువగా ఉన్న మోడళ్లలో ఇది మరీ ఎక్కువ. నా కీబోర్డును నేరుగా ల్యాప్‌టాప్ పోర్టుకే పెడతాను, హబ్ మిగతావాటికి.

విండోస్‌లో ఇంకో సంగతి ఉంది, దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఏళ్ల తరబడి వస్తున్న పాత మిడి పద్ధతిలో ఒక పోర్టును ఒక సమయంలో ఒకే ప్రోగ్రామ్ తెరవగలదు. కొన్ని కంపెనీలు తమ సొంత డ్రైవర్‌తో ఈ అడ్డు తొలగిస్తాయి కానీ, మామూలుగా డ్రైవర్ లేకుండా నడిచే కీబోర్డులకు ఇది తప్పదు. అంటే మిడి-ఓఎక్స్‌లో సంఖ్యలు చూసి దాన్ని మూయకుండా లైవ్ తెరిస్తే, లైవ్‌కు కీబోర్డ్ దొరకదు. కంట్రోలర్‌తో పాటు వచ్చే ఎడిటర్ ప్రోగ్రామ్ వెనకాల నడుస్తున్నా అంతే. అందరూ మర్చిపోయేది బ్రౌజర్. క్రోమ్‌కు మిడి పరికరాలతో మాట్లాడే వీలుంది. ఆన్‌లైన్ పియానో పాఠమో, సింథసైజర్ పేజీనో ఒకటి ట్యాబ్‌లో తెరిచి ఉండి, దానికి అనుమతి ఇచ్చి ఉంటే పోర్ట్ దాని చేతిలో ఉండిపోతుంది. ట్యాబ్ మూసి సాఫ్ట్‌వేర్ మళ్లీ తెరిస్తే సరి. విండోస్ 11 కోసం మైక్రోసాఫ్ట్ తయారుచేసిన విండోస్ మిడి సర్వీసెస్ ఒకే పోర్టును చాలా ప్రోగ్రాములు పంచుకునేలా ఉంటుంది. ఇది ఎంతో కాలంగా అవసరమైన మార్పు. మ్యాక్‌లో ఈ బాధ లేదు.

మ్యాక్‌లో చూడాల్సిన చోటు ఆడియో మిడి సెటప్. అందులో మిడి స్టూడియో కిటికీ తెరిస్తే పరికరాలన్నీ బొమ్మల్లా కనిపిస్తాయి. బొమ్మ మసకగా ఉంటే సిస్టమ్‌కు ఆ పరికరం గతంలో తెలుసు, ఇప్పుడు అందట్లేదని అర్థం.

విండోస్‌లోనే మరో చిక్కు పేరు మారిపోవడం. నిన్న ఎడమ పోర్టుకు పెట్టి, ఇవాళ కుడి పోర్టుకు పెడితే విండోస్ దాన్ని కొత్త పరికరంగా లెక్కేసి పేరు ముందు '2-' అని తగిలించే అవకాశం ఉంది. మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌లో మనం చేసిన సెట్టింగులు పాత పేరుకే అతుక్కుని ఉంటాయి. దాంతో అన్నీ చెదిరిపోయినట్టు అనిపిస్తుంది. డివైస్ మేనేజర్‌లో దాగి ఉన్న పరికరాలను చూపించమని అడిగితే పాత పేర్లన్నీ వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. వాటిని తీసేయొచ్చు. అంతకన్నా తేలికైన దారి, ఎప్పుడూ ఒకే పోర్ట్ వాడటం. నేను పోర్ట్ పక్కన చిన్న స్టిక్కర్ అంటించాను.

అదే డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్ లక్షణాలు తెరిస్తే పవర్ మేనేజ్‌మెంట్ అని ఉంటుంది. కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపేయవచ్చు అనే టిక్ తీసేయండి. పవర్ ప్లాన్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్‌ను కూడా ఆపేయండి. కాసేపు మిక్సింగ్ చేసుకుని మళ్లీ కీబోర్డ్ ముట్టుకుంటే అది నిద్రలోకి పోయి ఉండే బాధ నా ల్యాప్‌టాప్‌లో ఈ రెండింటితోనే పోయింది.

ఇక మానిటర్‌లో సంఖ్యలు వస్తున్నాయి, సాఫ్ట్‌వేర్‌లో మాత్రం శబ్దం లేదు. ఇక్కడ ఒక్కో సాఫ్ట్‌వేర్‌ది ఒక్కో పద్ధతి. లైవ్‌లో మిడి సెట్టింగుల పేజీలో ప్రతి ఇన్‌పుట్‌కూ ట్రాక్, సింక్, రిమోట్ అనే స్విచ్‌లు ఉంటాయి. నోట్లు ట్రాక్‌లోకి రావాలంటే ట్రాక్ వెలగాలి. తిప్పే నాబులను సాఫ్ట్‌వేర్‌లోని దేనికైనా కలపాలంటే (మ్యాప్ చేయాలంటే) రిమోట్ వెలగాలి. కీలు మోగుతున్నాయి గానీ నాబులు పనిచేయట్లేదు అనే ఫిర్యాదుకు చాలాసార్లు జవాబు ఆ రిమోట్ స్విచ్చే. ఎఫ్ఎల్ స్టూడియోలో ఎఫ్10 నొక్కితే మిడి సెట్టింగులు తెరుచుకుంటాయి. ఇన్‌పుట్ జాబితాలో పేరు ఉంటే చాలదు, దాన్ని ఎంచుకుని ఎనేబుల్ చేయాలి. రీపర్‌లో ప్రిఫరెన్సెస్‌లోని మిడి జాబితాలో పేరు మీద రైట్ క్లిక్ చేసి ఇన్‌పుట్ ఎనేబుల్ చేయాలి. తర్వాత ట్రాక్‌ను ఆర్మ్ చేసి (రికార్డింగ్‌కు సిద్ధం చేసి), దాని ఇన్‌పుట్ ఆడియో నుంచి మిడికి మార్చి, మానిటరింగ్ (వాయించేది వినిపించే ఏర్పాటు) ఆన్ చేయాలి. పని ఎక్కువే కానీ రీపర్‌లో ఏది ఎందుకు ఆగిందో స్పష్టంగా కనిపిస్తుంది. అది నాకు ఇష్టం.

ఆర్మ్ చేయడం అన్నది మూడింటిలోనూ ఒకేలా ఉండదు. లైవ్‌లో ట్రాక్ మీది మానిటర్ స్విచ్ ఆటోలో ఉంటే ఆర్మ్ చేసినప్పుడే మోగుతుంది, ఇన్‌లో పెడితే ఆర్మ్ చేయకపోయినా మోగుతుంది, ఆఫ్‌లో ఉంటే లైవ్‌గా నొక్కింది వినపడదు. ఎఫ్ఎల్‌లో మామూలుగా ఎంచుకుని ఉన్న ఛానల్ (అక్కడ ఒక్కో వాయిద్యాన్ని అలా అంటారు) మోగుతుంది. ఒకదానికి అలవాటుపడి రెండోదానిలోకి వెళ్లినవాళ్లకు కనెక్షన్ పోయినట్టు అనిపించేది ఇక్కడే.

కొన్ని కంట్రోలర్లు రెండు పోర్టులుగా కనిపిస్తాయి, నాది కూడా. ఒకటి కీల కోసం, రెండోది సాఫ్ట్‌వేర్‌లోని ప్లే, స్టాప్, ఫేడర్లను (శబ్దం తగ్గించే, పెంచే జారుడు మీటలను) నడపడం కోసం. విండోస్‌లో రెండోది 'మిడిఇన్2' అనే పేరుతో మొదలవుతుంది. రెండో పోర్టును కూడా నోట్ల కోసం ఎనేబుల్ చేస్తే ప్లే బటన్ నొక్కినప్పుడల్లా ఏదో ఒక శబ్దం మోగుతుంది. రెండో పోర్ట్‌ను ఆ ప్లే, ఫేడర్లను నడిపే కంట్రోల్ సర్ఫేస్ సెట్టింగుకే వదిలేయాలి.

ఆక్టేవ్ బటన్‌ను కూడా చూడండి. పొరపాటున చేయి తగిలి మూడు నాలుగు ఆక్టేవులు కిందికి జారితే, శాంపిల్ (ముందే రికార్డు చేసిన శబ్దం) ఆధారంగా నడిచే వాయిద్యంలో అక్కడ శబ్దమే ఉండదు. మానిటర్‌లో 60 రావాల్సిన చోట 24 కనిపిస్తే సంగతి ఇదే. నోట్ పేరు చూసి మాత్రం అయోమయపడొద్దు. అదే 60ని లైవ్ సి3 అంటుంది, రీపర్ మామూలుగా సి4 అంటుంది, ఎఫ్ఎల్ సి5 అంటుంది. సంఖ్యనే నమ్మండి. ఛానల్ కూడా అంతే. మిడికి 16 ఛానళ్లు ఉంటాయి. ప్యాడ్లను చాలా కంపెనీలు పదో ఛానల్‌లో పెడతాయి. ట్రాక్ ఒకటో ఛానల్‌కే కట్టేసి ఉంటే కీలు మోగుతాయి, ప్యాడ్లు మోగవు.

సస్టెయిన్ పెడల్ తలకిందులుగా పనిచేయడం, అంటే తొక్కితే ఆగి వదిలితే సాగడం, పెడల్ పోలారిటీ (తొక్కినది, తొక్కనిది ఏదన్న లెక్క) తారుమారవడం వల్ల వస్తుంది. చాలా కీబోర్డులు పవర్ ఆన్ అయిన క్షణంలో పెడల్ ఏ స్థితిలో ఉందో చూసి దాన్ని 'తొక్కనిది'గా గుర్తుపెట్టుకుంటాయి. ముందు పెడల్ గుచ్చి, కాలు దూరంగా పెట్టి, ఆ తర్వాత యూఎస్‌బీ పెట్టాలి.

నోట్ అతుక్కుపోయి మోగుతూనే ఉండటం మరొకటి. కీ నొక్కి ఉండగా కేబుల్ కదిలి కనెక్షన్ తెగితే 'నోట్ ఆగింది' అనే సందేశం కంప్యూటర్‌కు చేరదు. దానికి తెలిసినంతవరకు మన వేలు ఇంకా కీ మీదే ఉంది. ప్రతి సాఫ్ట్‌వేర్‌లోనూ ఇలాంటప్పుడు అన్ని నోట్లనూ ఆపే ఏర్పాటు ఏదో ఒకటి ఉంటుంది. చాలాచోట్ల దాన్ని పానిక్ అంటారు. ఒక్కసారి అతుక్కుంటే పర్లేదు, మాటిమాటికీ అయితే కేబుల్‌నో సాకెట్‌నో అనుమానించాలి.

ప్రతి నోటూ రెండుసార్లు మోగుతుంటే కీబోర్డ్ రెండు దారుల్లో వస్తోందేమో చూడండి. నా దానికి వెనకాల ఐదు పిన్నుల డిన్ అవుట్ (పాత తరహా గుండ్రటి మిడి సాకెట్) ఉంది. 1983లో వచ్చిన ప్రమాణం అది, వేగం సెకనుకు 31,250 బిట్లు. ఒక నోట్ సందేశం వెళ్లడానికి దాదాపు ఒక మిల్లీ సెకను పడుతుంది, ఇప్పటికీ అది చాలు. డిన్ కేబుల్ ఆడియో ఇంటర్‌ఫేస్‌కూ, యూఎస్‌బీ కంప్యూటర్‌కూ పెట్టి ఉండి, సాఫ్ట్‌వేర్ అన్ని ఇన్‌పుట్లనూ వింటుంటే ఒకే నోట్ రెండు సార్లు వస్తుంది. ఏదో ఒక ఇన్‌పుట్‌ను ఆపేయాలి.

కీ నొక్కాక శబ్దం ఆలస్యంగా రావడం గురించి కూడా కనెక్షన్ సమస్యగా అడుగుతుంటారు. అది ఎక్కువగా ఆడియో బఫర్ (శబ్దాన్ని పంపేముందు పోగుచేసుకునే ముక్క) సంగతి. సెకనుకు 44,100 శాంపిళ్ల రేట్‌లో 256 శాంపిళ్ల బఫర్ అంటే దాదాపు 6 మిల్లీ సెకన్లు, 1024 అంటే 23. రికార్డింగ్ చేసేటప్పుడు తగ్గించండి, మిక్సింగ్‌లో పెంచుకోండి. బ్లూటూత్ మిడి ట్యూన్ ఆలోచనలను చిత్తుగా వాయించి చూసుకోవడానికి సరిపోతుంది. డ్రమ్స్ వాయించాలంటే మాత్రం నేను కేబుల్‌కే ఓటేస్తాను.

ఇన్నేళ్లలో కీబోర్డులో నిజంగా అరిగింది ఒక్కటే, యూఎస్‌బీ సాకెట్. కీలు, నాబులు, పిచ్ వీల్ అన్నీ మొదటి రోజులాగే ఉన్నాయి. సాకెట్ మాత్రం వదులైంది. అది సర్క్యూట్ బోర్డుకు నేరుగా అతికించి ఉంటుంది, కాబట్టి కేబుల్ వేలాడినప్పుడల్లా ఆ బరువంతా అతుకుల మీదే పడుతుంది. ఇప్పుడు కేబుల్‌ను స్టాండ్ కాలికి ఒక పట్టీతో కట్టి, చివర కొంచెం వదులు ఉంచాను. మళ్లీ కొనాల్సి వస్తే ఇదే తరగతి కీబోర్డ్ కొంటాను. ప్రత్యేక డ్రైవర్ అక్కర్లేనిదై ఉండాలి, డిన్ అవుట్ ఉండాలి, విడిగా పవర్ ఇచ్చే సాకెట్ ఉంటే ఇంకా మంచిది. కొనేముందు యూఎస్‌బీ ప్లగ్‌ను సాకెట్‌లో పెట్టి వేలితో మెల్లగా పైకీ కిందికీ కదిపి చూస్తాను. ఊగితే తీసుకోను.