రాస్ప్‌బెర్రీ పై 5: బోర్డు బంగారమే, చుట్టూ తగులుకున్నవే శని

రాస్ప్‌బెర్రీ పై 5 అనే ఈ చిట్టి కంప్యూటర్ బోర్డు కొని ఎనిమిది నెలలైంది, ఇప్పుడు రాస్తున్నా రివ్యూ. మొదటి వారంలోనే రాసుంటే ఒక్క స్టార్ పడేసి నాలుగు తిట్లు తిట్టి ఉండేవాణ్ణి. అప్పుడు బద్ధకించడమే మంచిదైంది, ఎందుకంటే తిట్టాల్సింది బోర్డుని కాదు, దాని పక్కన నేను తెచ్చి పెట్టిన చెత్త సామానుని, ఆ తర్వాత నన్ను.

నాది 4 జీబీ మోడల్. ఇది 2023 చివర్లో మార్కెట్లోకి వచ్చింది, పేకముక్కంత బోర్డు, దాని మీద 2.4 గిగాహెర్ట్జ్ నాలుగు కోర్ల ప్రాసెసర్, నాలుగు యూఎస్‌బీలు, రెండు మైక్రో హెచ్‌డీఎంఐలు, నెట్ కేబుల్ పోర్టు, వైఫై అన్నీ ఉంటాయి. నాకు కావాల్సింది రెండే రెండు పనులు. ఒకటి, బీరువాలో పడున్న పాత హార్డ్ డిస్క్‌లోని పెళ్లిళ్ల ఫోటోలు, నాన్న దాచుకున్న పాటలు ఇంట్లో ఎవరి ఫోన్లోంచైనా తెరుచుకోవాలి. రెండు, పై-హోల్ అనే యాడ్స్ ఆపే సాఫ్ట్‌వేర్ పెట్టి వైఫై మొత్తానికి యాడ్స్ ఆపాలి. వీడియోల్లో పది నిమిషాల్లో అయిపోయింది ఈ పని. నాకు పది రోజులు పట్టింది.

మొదటి రోజు రాత్రి అన్నం తినేసి కూర్చున్నా, సాఫ్ట్‌వేర్ రాసిన మెమరీ కార్డు ఎక్కించా, కేసులో బిగించా, టీవీకి తగిలించా, స్విచ్ వేసా. బోర్డు మీద పచ్చ లైటు టపటపా కొట్టుకుంటోంది, అంటే కార్డు చదువుతోందన్నమాట, టీవీలో మాత్రం నో సిగ్నల్. టీవీ మార్చా, ఇన్‌పుట్ మార్చా, కార్డు మళ్లీ రాసా, రాత్రి ఒంటిగంట అయింది, బోర్డే పోయిందని ఫిక్స్ అయిపోయి రిటర్న్ పెట్టేద్దామని కూడా అనుకున్నా. పొద్దున్న కాఫీ తాగుతూ చూస్తే సంగతి ఏంటంటే మైక్రో హెచ్‌డీఎంఐ కేబుల్ తలకాయ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ లావుగా ఉంది, అది కేసు కన్నంలో ఇరుక్కుని పిన్ను లోపలికి పూర్తిగా దిగట్లేదు. కేసు మూత తీసి నొక్కితే టక్కుమని బొమ్మ వచ్చింది. ఒక్క మిల్లీమీటర్ కోసం ఒక రాత్రి పోయింది. ఇంకోటి, రెండు హెచ్‌డీఎంఐల్లో పవర్ పక్కనే ఉన్నదానికే తగిలించండి, స్క్రీన్ ఒకటే ఉంటే అదే వాడమంటారు.

ఇక అసలు కథ చార్జర్. ఇది కాస్త వివరంగానే చెప్తా ఎందుకంటే నాకు తెలిసి సగం మంది ఇక్కడే పడతారు. ఇంట్లో ఫోన్‌తో వచ్చిన 65 వాట్ల చార్జర్ ఉంది, పై 5 అడిగేది 27 వాట్లు, డబుల్ ఉంది కదా అని అదే పెట్టా. ఆన్ అయ్యింది, డెస్క్‌టాప్ వచ్చింది, కానీ ఒక మూల మెసేజ్, ఈ పవర్ సప్లై 5 ఆంప్స్ ఇవ్వలేదు, యూఎస్‌బీలకి కరెంటు తగ్గిస్తున్నా అని. లైట్ తీసుకున్నా. హార్డ్ డిస్క్ పెట్టగానే అది టిక్కు టిక్కుమని బల్లి అరిచినట్టు అరిచి, కనిపించి, మాయమై, మళ్లీ కనిపించి... ఇదే తంతు. డిస్క్ చచ్చిపోయిందేమో, ఫోటోలన్నీ పోయాయేమో అని నా గుండె జారిపోయింది, అమ్మకి చెప్పలేదు.

విషయం ఏంటంటే ఆ 65 వాట్లు అన్ని వోల్టేజీల్లోనూ ఇచ్చే 65 కాదు. చాలా ఫోన్ చార్జర్లు వాళ్ల సొంత ఫోన్ కనబడితే తప్ప ఆ ఎక్కువ పవర్ బయటపెట్టవు, లాప్‌టాప్ చార్జర్లేమో 20 వోల్టుల దగ్గర ఆ వాట్లు ఇస్తాయి. పై 5 తీసుకునేది 5 వోల్టులే, ఆ 5 దగ్గరే దానికి 5 ఆంప్స్ కావాలి. మామూలు టైప్ సీ చార్జర్లు 5 వోల్టుల దగ్గర మహా అయితే 3 ఆంప్స్ ఇస్తాయి. అందుకని చార్జర్ మీద పెద్ద అంకె కాదు చూడాల్సింది, దాని కింద చీమ తలకాయంత అక్షరాల్లో 5V పక్కన ఎన్ని ఆంప్స్ రాసుందో అది చూడాలి. 5 ఆంప్స్ దొరక్కపోతే బోర్డు నాలుగు యూఎస్‌బీలకీ కలిపి 600 మిల్లీ ఆంప్స్ మాత్రమే వదులుతుంది, దొరికితే 1.6 ఆంప్స్ దాకా ఇస్తుంది. తిరిగే హార్డ్ డిస్క్ మొదలయ్యేటప్పుడు 600 ఏ మూలకి సరిపోతుంది చెప్పండి. చివరికి వాళ్ల ఒరిజినల్ 27 వాట్ల అడాప్టరే తెప్పించా, పెట్టిన నిమిషంలో డిస్క్ బుద్ధిగా తిరిగింది, ఫోటోలన్నీ ఉన్నాయి, అప్పుడు చెప్పా అమ్మకి.

మీకు డౌట్ ఉంటే టెర్మినల్లో (కమాండ్లు టైప్ చేసే విండోలో) vcgencmd అని ఒక కమాండ్ ఉంటుంది, దానికి get_throttled అని ఇస్తే ఒక నంబర్ వస్తుంది. సున్నా వస్తే హాయి. 50000 వస్తే ఆన్ చేసినప్పటి నుంచి ఎప్పుడో ఒకప్పుడు వోల్టేజ్ పడిపోయి స్పీడ్ తగ్గించుకుంది అని, 50005 అయితే ఇప్పుడు ఈ క్షణంలో కూడా పడిపోయే ఉంది అని. నాకు ఆ ఫోన్ చార్జర్‌తో 50005 వచ్చింది. ఏ ప్రాబ్లం వచ్చినా ముందు ఇది చూడండి, తర్వాతే సాఫ్ట్‌వేర్‌ని అనుమానించండి.

కార్డు సంగతి. ఒక షాపులో 128 జీబీ మైక్రో ఎస్డీ కారు చౌకగా ఇచ్చాడు, బిల్లు కూడా ఇవ్వలేదు, అప్పుడే అనుమానం రావాల్సింది. రెండ్రోజులు బానే నడిచింది, ఫోటోలు కార్డులోకి కాపీ చేయడం మొదలుపెట్టాక ఫైళ్లు ఉన్నట్టే ఉంటాయి, తెరిస్తే తెరుచుకోవు, తర్వాత ఏకంగా బూట్ అవ్వడమే మానేసింది. ఎఫ్3 అని ఒక చిన్న టూల్ ఉంది, కార్డు నిండా డేటా రాసి మళ్లీ చదివి సరిపోయిందో లేదో చెప్తుంది. దాంతో చూస్తే నా 128లో అసలు ఉన్నది ముప్పై లోపే, మిగతాదంతా గాలి. కార్డు కొన్న రోజే ఇది నడిపించుంటే నాకు రెండు సార్లు మొత్తం సెటప్ చేసే బాధ తప్పేది. తీసుకెళ్లి చూపిస్తే మార్చి ఇస్తానన్నాడు మహానుభావుడు, అదే డబ్బాలోంచి ఇంకోటి తీసి. వద్దులే బాబూ అని వచ్చేసా.

సాఫ్ట్‌వేర్ విషయానికొస్తే, పాత వీడియోలు చూసి చేయకండి, అంతే. నేను ఎక్కించింది రాస్ప్‌బెర్రీ పై ఓఎస్‌లో బుక్‌వార్మ్ అనే వెర్షన్. నేను చూసిన వీడియో 2020ది. అందులో ఆయన పై అనే యూజర్, రాస్ప్‌బెర్రీ అనే పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వెళ్లిపోతాడు, అది 2022 ఏప్రిల్లోనే ఎత్తేశారు, ఇప్పుడు కార్డు రాసే ఇమేజర్ అనే టూల్లోనే మన యూజర్ పేరు పెట్టుకోవాలి. వైఫై పాస్‌వర్డ్ ఒక ఫైల్లో రాసి బూట్ ఫోల్డర్లో పడేయమంటాడు, బుక్‌వార్మ్ నుంచి ఆ ఫైల్ని పట్టించుకునే నాథుడే లేడు, నెట్‌వర్క్ మేనేజర్ చూసుకుంటుంది అదంతా. కాన్ఫిగ్ ఫైల్ కూడా బూట్ ఫోల్డర్ నుంచి దాని లోపల ఫర్మ్‌వేర్ అనే ఫోల్డర్‌లోకి మారిపోయింది. పైథాన్ ప్యాకేజీలు తెచ్చే పిప్‌తో ఏదైనా ఇన్‌స్టాల్ చేయబోతే పెద్ద ఎర్ర ఎర్రర్ కొడుతుంది, భయపడక్కర్లేదు, విడిగా ఒక వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ చేసుకుని అందులో పెట్టుకోమంటోంది అంతే. అలాగే ఎల్ఈడీలు వెలిగించే సరదా ఉన్నవాళ్లకి ఒక మాట, బోర్డు మీది పిన్నులని నడిపే పాత ఆర్‌పీఐ జీపీఐఓ లైబ్రరీ పై 5లో పనిచేయదు, ఇందులో ఆ పిన్నులు వేరే చిప్పు చేతిలో ఉంటాయి, జీపీఐఓ జీరో అనే లైబ్రరీ వాడుకోండి. పిన్నులకి 3.3 వోల్టులు దాటి ఇవ్వకండి.

నన్ను బాగా ఏడిపించింది మాత్రం కీబోర్డు. పాస్‌వర్డ్‌లో ఒక ఎట్ గుర్తు (@) పెట్టా. లాప్‌టాప్ నుంచి నెట్‌వర్క్ మీదుగా (ఎస్ఎస్‌హెచ్‌లో) అదే పాస్‌వర్డ్ కొడితే లోపలికి రానిస్తుంది, బోర్డుకి తగిలించిన కీబోర్డు మీద కొడితే తప్పు అంటుంది. ఒకటే పాస్‌వర్డ్, అదే వేళ్లు! గంట సేపు పిచ్చెక్కిపోయింది. కేంబ్రిడ్జ్ వాళ్ల బోర్డు కదా, మనం మార్చకపోతే కీబోర్డు బ్రిటిష్ లేఅవుట్‌లో ఉంటుంది, అందులో షిఫ్ట్ 2 కొడితే ఎట్ రాదు, కోట్ గుర్తు వస్తుంది, షిఫ్ట్ 3 కొడితే పౌండు గుర్తు. పాస్‌వర్డ్ టైప్ చేసేటప్పుడు కనపడదు కాబట్టి మనకి తెలిసే అవకాశమే లేదు. ఇమేజర్‌లోనే యూఎస్ లేఅవుట్ పెట్టేసుకోండి, వైఫై కంట్రీ కూడా ఇండియా అని అక్కడే పెట్టండి, కంట్రీ పెట్టకపోతే వైఫై అసలు లేవదు.

ఇంకో ఘనకార్యం. హార్డ్ డిస్క్ ప్రతిసారీ దానంతట అదే తెరుచుకోవాలని (మౌంట్ అవ్వాలని) డిస్కుల జాబితా ఉండే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్లో ఒక లైను రాసా, డిస్క్ లేకపోయినా ఆగకు అని చెప్పే నోఫెయిల్ (nofail) అనే మాట చేర్చలేదు. ఒకరోజు డిస్క్ పీకేసి ఆన్ చేస్తే డిస్క్ కోసం ఎదురుచూసీ చూసీ ఎమర్జెన్సీ మోడ్‌లోకి పోయింది, అక్కడేమో రూట్ (అడ్మిన్) ఖాతా లాక్ అయి ఉంది లోపలికి రానివ్వను అంది. తాళం లోపల పెట్టి తలుపేసుకున్నట్టు. కార్డు తీసి విండోస్ లాప్‌టాప్‌లో పెడితే ఆ ఫైల్ ఉన్న లినక్స్ భాగం కనపడదు. మా బావమరిది దగ్గర ఉబుంటు (లినక్స్) లాప్‌టాప్ ఉంటే వాడింటికి వెళ్లి ఆ ఒక్క మాట చేర్చుకొచ్చా. “దీనికోసం పాతిక కిలోమీటర్లు వచ్చావా బావా” అని వాడు ఇప్పటికీ నవ్వుతాడు. డిస్క్‌ని మళ్లీ తగిలించాక అప్పుడప్పుడు వైఫై పడిపోయేది. యూఎస్‌బీ 3 కేబుల్ నుంచి వచ్చే గోల 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి అడ్డం పడుతుందట. రౌటర్ పక్కనే పెట్టి నెట్ కేబుల్ గుచ్చేసా, పీడా పోయింది.

వేడి. మాది విజయవాడ, ఇంక చెప్పేదేముంది. రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయి, ఈ బోర్డు ఎంత. కొన్నది చలికాలంలో కాబట్టి కూలర్ దండగ అనుకున్నా. మేలో మధ్యాహ్నం ఫోటోలకి థంబ్‌నెయిల్స్ తయారు చేయిస్తుంటే 84 డిగ్రీలు చూపించింది. 80 దాటితే ఇది దానంతట అదే స్పీడ్ తగ్గించుకుంటుంది, పాడవదు కానీ నత్తనడక. వాళ్ల యాక్టివ్ కూలర్ బోర్డు మీద రెండు పిన్నులతో నొక్కితే కూర్చుంటుంది, ఫ్యాన్ వైరుకి బోర్డు మీదే చోటుంది, పెట్టాక అదే పనికి 65 దాటలేదు. కోస్తాలో ఉండేవాళ్లు, రామగుండం వైపు వాళ్లు దీన్ని బోర్డుతో పాటే ఆర్డర్ పెట్టేసుకోండి.

ఇన్ని తిప్పలు పడి మరి ఎందుకు నాలుగు స్టార్లు అంటే, ఇవన్నీ తీరాక బోర్డు వైపు నుంచి ఒక్క కంప్లైంట్ లేదు. ఫోటోలు సాంబా అనే ఫైల్ షేరింగ్ సాఫ్ట్‌వేర్ ద్వారా అందరి ఫోన్లలోనూ వస్తున్నాయి. ఫైళ్ల పేర్లు తెలుగులో పెట్టుకున్నవి మొదట డబ్బాల్లా కనపడ్డాయి, తెలుగు ఫాంట్లు వేసుకుంటే సరిపోయింది. పై-హోల్ బ్రహ్మాండం, పేపర్ సైట్లలో సగం చెత్త మాయం. యూట్యూబ్ యాడ్స్ మాత్రం ఆపలేదు, యాడూ వీడియో ఒకే చోట నుంచి వస్తాయి కాబట్టి అది దాని వల్ల కాదు. అమ్మ మాత్రం “ఒరేయ్, చీరలు నొక్కితే తెరుచుకోవట్లేదురా, నువ్వేదో చేశావు” అని రెండ్రోజులు సాధించింది. గూగుల్‌లో పైన వచ్చే యాడ్ లింకులు నొక్కుతోంది, అవి ఆగిపోతున్నాయి. అమ్మ ఫోన్ ఒక్కదానికి మినహాయింపు ఇచ్చా, ఇంటి శాంతి ముఖ్యం కదా.

ఒక స్టార్ ఎందుకు కోశానంటే, 5 వోల్టులు 5 ఆంప్స్ అనే ఆ అరుదైన కోరిక, హెడ్‌ఫోన్ జాక్ తీసేయడం, ఇంకా ముఖ్యంగా ముందు మోడల్ పై 4లో ఉన్న, హెచ్.264 ఫార్మాట్ వీడియోల పని చూసే హార్డ్‌వేర్ ఇందులో లేకపోవడం. హెచ్ఈవీసీ అనే ఇంకో వీడియో ఫార్మాట్‌కి ఉంది, మామూలు హెచ్.264 వీడియోల భారం అంతా ప్రాసెసర్ మీదే. ఊరికే ఆడించడానికి ఇబ్బంది లేదు, కానీ మీడియా సర్వర్ పెట్టి ఇద్దరు ముగ్గురికి వీడియో మార్చి పంపించాలంటే ఆపసోపాలు పడుతుంది. మీ పని అదే అయితే సెకండ్ హ్యాండ్ మినీ పీసీ చూసుకోండి, మొహమాటం లేకుండా చెప్తున్నా. ఒక్క పై-హోల్ కోసమే అయితే ఇంత బోర్డు అక్కర్లేదు, రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ అనే చిన్న బోర్డు చాలు. అడాప్టర్, కూలర్, మంచి కార్డు, కేబుల్ కలిపితే నాకు బోర్డు రేటులో సగం పైనే అయింది, అది కూడా లెక్కలో వేసుకోండి.

కరెంటు పోయినప్పుడు మాత్రం ఇంకా భయమే. ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులో రౌటర్‌కి ఏం కాదు గానీ ఇది రీస్టార్ట్ అయిపోతుంది, రాస్తున్నప్పుడు పోతే కార్డు చెడిపోవచ్చు. అందుకే కార్డుని రీడ్ ఓన్లీ చేసే ఓవర్‌లే ఆప్షన్ రాస్పీ కాన్ఫిగ్ అనే సెట్టింగ్స్ టూల్లో ఆన్ చేసా, డేటా అంతా డిస్క్‌లోనే, నెలకోసారి కార్డు కాపీ తీసి సొరుగులో పెడుతున్నా. చిన్న యూపీఎస్ కొందామంటే ఇంట్లో “ఇంకెంత తగలేస్తావు దాని మీద” అంటున్నారు. దసరా ఆఫర్ల దాకా ఆగమన్నారు, ఆగుతున్నా.